మారిషస్‌లో మొదట దిగిందెవరు, ఎందుకు వదిలి వెళ్ళారు? తరచుగా అడిగే ప్రశ్నలు

మారిషస్ అంటే మనలో చాలామందికి హనీమూన్ ప్యాకేజీలే గుర్తొస్తాయి. చరిత్ర మాట వస్తే డోడో పక్షి, చెరకు తోటలు, కూలీల ఓడలు అని మూడు ముక్కలు చెప్పి ఊరుకుంటాం. ఆ మూడూ ఒకే కథలోవి. కథ 1598లో డచ్చివాళ్ళు, అంటే నెదర్లాండ్స్ వాళ్ళు, అక్కడ దిగడంతో మొదలవుతుంది. దాని గురించి మళ్ళీమళ్ళీ వినిపించే ప్రశ్నలు, వాటికి నాకు తెలిసిన జవాబులు ఇవి.

డచ్చివాళ్ళు రాకముందు అక్కడ జనం ఉండేవారా?

లేరు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో యూరప్ వాళ్ళు దిగేసరికి అక్కడ వేల ఏళ్ళుగా బతుకుతున్న జనం ఉన్నారు. మారిషస్‌లో మాత్రం ఎవరూ ఊరు కట్టుకోలేదు. మడగాస్కర్‌కు తూర్పున 800 కిలోమీటర్లకు పైగా దూరంలో, సముద్రం అడుగు నుంచి పైకి లేచిన అగ్నిపర్వతాల దీవి అది. ఏ ఖండంతోనూ ఎప్పుడూ కలిసి లేదు. ఎగిరి వచ్చినవి, నీళ్ళలో తేలుతూ వచ్చినవి మాత్రమే అక్కడికి చేరాయి. పక్షులు, గబ్బిలాలు, తాబేళ్ళు, బల్లులు, విత్తనాలు. నేల మీద తిరిగే పాలిచ్చే జంతువు ఒక్కటీ లేదు. నక్క లేదు, పిల్లి లేదు, ఆఖరికి ఎలుక కూడా లేదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతా కథలో సగం అర్థమైనట్టే.

జనం లేరు కాబట్టి 'ఖాళీ దీవి' అని రాసేస్తుంటారు. ఆ మాట నాకు నచ్చదు. ఒడ్డు దాకా దట్టమైన అడవి, అందులో ప్రపంచంలో ఇంకెక్కడా లేని పక్షులు, గుంపులు గుంపులుగా రాకాసి తాబేళ్ళు ఉన్న చోటు ఖాళీ ఎలా అవుతుంది?

దీవిని ముందు చూసింది అరబ్బులా, పోర్చుగీసువాళ్ళా?

అరబ్బు నావికులకు ముందే తెలుసు. 1502 నాటి ఒక పోర్చుగీసు పటంలో ఈ ప్రాంతంలోని మూడు దీవులకు అరబ్బు పేర్లే ఉన్నాయి. వాటిలో 'దీనా అరోబీ' అన్నది మారిషస్ అని సాధారణంగా చెబుతారు. 1507 ప్రాంతంలో పోర్చుగీసువాళ్ళు ఇటు వచ్చారు. వాళ్ళ పటాల్లో దీని పేరు 'సిర్నే'. మారిషస్, రీయూనియన్, రోడ్రిగ్స్ మూడింటినీ కలిపి మాస్కరీన్ దీవులు అనడం కూడా పెద్రో మాస్కరెన్యాస్ అనే పోర్చుగీసు నావికుడి పేరు మీదుగా వచ్చిందే. కానీ అరబ్బులు గానీ పోర్చుగీసువాళ్ళు గానీ అక్కడ కాపురం పెట్టలేదు.

1598లో అసలు ఏం జరిగింది?

ఆ ఏడాది మే 1న నెదర్లాండ్స్‌లోని టెక్సెల్ నుంచి ఎనిమిది ఓడలు జావా వైపు బయల్దేరాయి. పెద్ద నాయకుడు యాకబ్ వాన్ నెక్, ఆయన తర్వాతివాడు వైబ్రాండ్ వాన్ వార్విక్. ఆఫ్రికా కొన దగ్గర తుఫానులో ఓడలు చెల్లాచెదురయ్యాయి. వార్విక్‌తో మిగిలిన ఐదు ఓడలు దారి వెతుక్కుంటూ వెళ్తుంటే సెప్టెంబరు 17న దూరంగా కొండలు కనిపించాయి. మూడు రోజుల తర్వాత, 20న, ఆగ్నేయంలోని అఖాతంలో లంగరు వేశారు. ఇప్పటి గ్రాండ్ పోర్ట్ అదే.

దిగేముందు వాళ్ళకూ టెన్షనే. ఎవరైనా ఉన్నారేమో, దాడి చేస్తారేమో అని. ఎవరూ రాలేదు. పక్షులు మనిషిని చూసి ఎగిరిపోలేదు. చేత్తో పట్టుకుంటే దొరికిపోయాయి. తాబేళ్ళు ఎంత పెద్దవంటే, ఇద్దరు మనుషులు ఎక్కి కూర్చున్నా నడిచి వెళ్ళేవి. ఈ యాత్ర వృత్తాంతంలో అచ్చయిన బొమ్మలో ఆ సవారీ ఉంది, మరోవైపు తాబేలు డిప్పలోనే చుట్టూ కూర్చుని తింటున్న మనుషులూ ఉన్నారు. ఒడ్డున ఒకచోట 300 పౌన్ల దాకా మైనం దొరికింది, దాని మీద గ్రీకు అక్షరాలు. ఓడ చెక్కలు కూడా కనిపించాయి. అంటే వీళ్ళకంటే ముందు ఏదో ఓడ అక్కడ పగిలింది. అందులోని మనుషుల జాడ మాత్రం లేదు.

వెళ్ళేముందు ఒక చెట్టుకు పలక కొట్టి, దాని మీద తమ రాజ్యాల చిహ్నాలు చెక్కి పెట్టారు. దీవి మాది అని చెప్పుకోవడానికి వాళ్ళు చేసింది అంతే.

మారిషస్ అనే పేరు ఎవరిది?

నసావు వంశపు మారిట్స్ రాకుమారుడిది. అప్పట్లో స్పెయిన్ మీద పోరాడుతున్న డచ్చి సేనలకు ఆయన నాయకుడు. లాటిన్‌లో ఆయన పేరు మారిషియస్. తర్వాత ఫ్రెంచివాళ్ళు 'ఇల్ ద ఫ్రాన్స్' అని మార్చారు, బ్రిటిష్‌వాళ్ళు వచ్చి పాత పేరే మళ్ళీ పెట్టారు.

వీళ్ళేనా మన మచిలీపట్నం వచ్చిన డచ్చివాళ్ళు?

వాళ్ళే. 1598 నాటికి ఇంకా పెద్ద కంపెనీ పుట్టలేదు, ఊరికొకటిగా చిన్న కంపెనీలు ఓడలు పంపేవి. 1602లో అవన్నీ కలిసి డచ్చి ఈస్టిండియా కంపెనీ అయ్యాయి. ఆ తర్వాత నాలుగేళ్ళు తిరక్కుండానే మచిలీపట్నంలో వాళ్ళ వర్తక స్థావరం వెలిసింది. ఇక్కడి అద్దకం బట్టలు కొని జావా, మలుకు దీవులకు తీసుకెళ్ళి, వాటికి బదులు లవంగాలు, జాజికాయ తెచ్చుకోవడం వాళ్ళ వ్యాపారం. మచిలీపట్నంలో వలందపాలెం పేరు విన్నవాళ్ళకు ఇది కొత్త కాదు. హాలండు వాళ్ళను మన పెద్దలు వలందావాళ్ళు అనేవారు. భీమునిపట్నంలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మారిషస్ చరిత్రనూ మన తీరం చరిత్రనూ వేర్వేరుగా చదవడం అలవాటైపోయింది గానీ, అప్పటి గుమాస్తాల లెక్కల్లో రెండూ ఒకే కంపెనీ ఖాతాలు.

జనమే లేని దీవి ఓడలకు ఎందుకంత అవసరమైంది?

నీళ్ళ కోసం, పచ్చి తిండి కోసం. యూరప్ నుంచి జావా చేరడానికి నెలలకు నెలలు పట్టేది. ఎండు రొట్టె, ఉప్పు మాంసం తప్ప ఓడలో వేరే తిండి లేదు. కొన్ని వారాలకు చిగుళ్ళు ఉబ్బి నెత్తురు కారేది, పళ్ళు ఊడిపోయేవి, ఎప్పుడో మానిన గాయాలు మళ్ళీ తెరుచుకునేవి. స్కర్వీ అంటే ఇదే, సి విటమిన్ లేక వచ్చే జబ్బు. కారణం అప్పటి వైద్యులకు తెలియదు. ఒడ్డుకు చేరి పచ్చివి నాలుగు తింటే మనిషి లేచి కూర్చుంటాడన్నది మాత్రం నావికులందరికీ అనుభవమే.

తాబేళ్ళు వాళ్ళకు ఇంకా కలిసొచ్చాయి. మేత, నీళ్ళు లేకుండా నెలల తరబడి బతుకుతాయి కాబట్టి ఓడ అడుగున వరసగా పడేసి తీసుకెళ్ళేవారు. ఫ్రిజ్ లేని రోజుల్లో చెడిపోని మాంసం అది. ఆ ఓర్పే వాటి ప్రాణాల మీదికి తెచ్చింది. ఇప్పుడు ఆ జాతులు లేవు.

చూసిన 40 ఏళ్ళకు గానీ ఎందుకు కాపురం పెట్టలేదు?

ఓడలు ఆగి నీళ్ళు నింపుకుంటే చాలు కదా అనుకున్నారు. పైగా ఆ తీరం ప్రమాదకరం. 1615లో పీటర్ బోత్ ప్రయాణిస్తున్న బాండా ఓడ ఇక్కడే తుఫానులో మునిగి, ఆయనా పోయాడు. డచ్చి తూర్పు దీవులకు మొట్టమొదటి గవర్నర్ జనరల్ ఆయన, పదవి ముగించుకుని ఇంటికి వెళ్తున్నాడు. నెత్తిన బండరాయి పెట్టుకున్నట్టు కనిపించే కొండ ఒకటి ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది.

1630ల చివరికి ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు చుట్టుపక్కల తిరగడం ఎక్కువైంది. దాంతో కంపెనీ 1638 మేలో కార్నేలిస్ గూయర్ అనే అధికారితో 25 మందిని పంపింది. వాళ్ళు పాత అఖాతంలోనే ఫ్రెడరిక్ హెండ్రిక్ కోట కట్టారు. అదే ఏడాది ఒక ఫ్రెంచ్ ఓడ వచ్చి చూస్తే అప్పటికే డచ్చి జెండా ఉంది.

అక్కడ వాళ్ళు చేసిన పనేంటి?

ముఖ్యంగా చెట్లు కొట్టడం. మారిషస్ అడవిలో నల్లచేవ చెట్టు ఉండేది, యూరప్‌లో ఖరీదైన బల్లలు, బీరువాలకు ఆ కర్ర కావాలి. మన బీడీ ఆకు చెట్టు తునికి ఉంది కదా, దానికి ఇది దాయాది, రెండూ ఒకే ప్రజాతి. చేవ బొగ్గంత నలుపు, రాయంత గట్టి, నీళ్ళలో వేస్తే మునుగుతుంది. అలాంటి దుంగలను అడవిలోంచి ఒడ్డు దాకా ఈడ్చాలి. ఆ ఈడ్చిందెవరో తర్వాతి జవాబులో చెబుతాను.

1639లో వచ్చిన రెండో అధికారి ఆద్రియాన్ వాన్ డర్ స్టెల్ జావా నుంచి చెరకు తెప్పించి నాటించాడు. దాంతో వాళ్ళు చక్కెర కంటే సారా ఎక్కువ కాచుకున్నారు. జావా జింకలను తెచ్చి వదిలిందీ ఆయనే. మారిషస్‌లో ఈ రోజు కూడా జింక మాంసం మామూలు తిండి, చెరకు ఊరూరా పంట. ఆయన అక్కడ ఉన్నది ఆరేళ్ళే.

మొత్తం మీద జనాభా ఎప్పుడూ కొన్ని వందలు దాటలేదు.

బానిసలను ఎక్కడి నుంచి తెచ్చారు?

ఎక్కువగా మడగాస్కర్ నుంచి. కొందరిని బెంగాల్, జావా, మలుకు దీవుల్లోని అంబోన్ లాంటి చోట్ల నుంచి. మన కోరమాండల్ తీరం నుంచి కూడా కరువు రోజుల్లో కంపెనీ మనుషులను కొని బతావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, తరలించింది. తిండి లేక తల్లిదండ్రులు పిల్లల్ని అమ్ముకున్న రోజులవి. కంపెనీ లెక్కల్లో అది బేరం.

వాన్ డర్ స్టెల్ మడగాస్కర్ నుంచి తొలిసారి తెచ్చిన వందమందికి పైగా బానిసల్లో దాదాపు సగం మంది కొద్ది రోజుల్లోనే అడవిలోకి పారిపోయారు. చాలామంది మళ్ళీ దొరకలేదు. మారిషస్ అడవిని ఇల్లు చేసుకుని బతికిన మొదటి మనుషులు వీళ్ళే. పలక కొట్టి వెళ్ళిన నావికుల పేర్లు బళ్ళో పిల్లలకు నేర్పుతారు. వీళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఈ దీవి మొదటి నివాసులెవరని నన్నెవరైనా అడిగితే ముందు వీళ్ళనే చెబుతాను.

1695లో కోట తగలబడింది నిజమేనా?

నిజం. జూన్ 18న. ఈసారి పేర్లు మిగిలాయి, విచారణ జరిగింది కాబట్టి. అంబోన్ నుంచి వచ్చిన ఆరోన్, బతావియా పాల్, ఆంతోనీ అనే ముగ్గురు మగవాళ్ళు, బెంగాల్ అన్నా, ఎస్పెరాన్స్ అనే ఇద్దరు ఆడవాళ్ళు. దీవిని తమ చేతుల్లోకి తీసుకోవాలన్నది వాళ్ళ ఆలోచన. చెక్క కట్టడాలు కావడంతో కోటంతా కాలిపోయింది. అప్పటి అధికారి రూలోఫ్ దేవోదాటి ప్రాణాలతో బయటపడ్డాడు. పట్టుబడ్డవాళ్ళకు కిరాతకమైన శిక్షలు వేశారు.

బెంగాల్ అన్నా దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. అది ఆమె అమ్మానాన్న పెట్టిన పేరు కాదు. కొన్నవాళ్ళు పెట్టిన పేరు, ముందు ఊరి పేరు తగిలించి. ఏ ఊళ్ళో పుట్టిందో, ఏ భాషలో ఏడ్చిందో తెలియని ఒక బెంగాలీ అమ్మాయి, పుట్టిన గడ్డకు వేల మైళ్ళ దూరంలో కంపెనీ కోటకు నిప్పు పెట్టింది. కూలీల ఓడలు మొదలవడానికి 139 ఏళ్ళ ముందు సంగతి ఇది. మారిషస్‌లో భారతీయుల చరిత్రను 1834 నుంచే మొదలుపెట్టేవాళ్ళు ఆమెను మర్చిపోతున్నారు.

డోడోలను వండుకు తినేసి అంతం చేశారా?

తిన్నారు. కానీ దానివల్లే పోయాయంటే కథ సగమే చెప్పినట్టు. డోడో మాంసం వాళ్ళకు పెద్దగా నచ్చలేదు. ఎంత ఉడికిస్తే అంత గట్టిపడుతుందని విసుక్కుని, 'వాల్గ్‌ఫోహెల్' అంటే అసహ్యమైన పక్షి అని పేరు పెట్టారు. పావురాలు, చిలకలు దొరుకుతుంటే దాన్ని తినాల్సిన పనేముంది?

అసలు దెబ్బ ఓడల్లోంచి దిగిన జంతువులు కొట్టాయి. ఎలుకలు, పందులు, కోతులు, మేకలు. డోడో నేల మీద గూడు పెట్టి ఒక్కటే గుడ్డు పెట్టేది. ఎగరలేదు. గుడ్డు తినే జంతువు అక్కడ ఎప్పుడూ లేదు కాబట్టి దాన్ని దాచుకోవాలన్న భయమే దానికి తెలియదు. గుడ్డు పందికో ఎలుకకో పోతే ఆ ఏడాది సంతానం పోయినట్టే. పెద్ద పక్షులు కళ్ళ ముందు తిరుగుతూనే ఉన్నాయి, పిల్లలు మాత్రం పెరగడం లేదు.

చివరిసారి స్పష్టంగా చూసినట్టు రాసింది 1662లో. ఆర్న్‌హెమ్ అనే ఓడ మునిగి బయటపడ్డ వోల్కెర్ట్ ఎవర్ట్స్ అనే నావికుడు, తీరానికి దగ్గరున్న ఒక చిన్న లంకలో వాటిని చూశాడు. ఒకదాన్ని కాలు పట్టుకుంటే అది అరిచిందట. ఆ అరుపు విని మిగతావి దాన్ని కాపాడటానికి పరుగెత్తుకొచ్చాయి, వచ్చినవన్నీ దొరికిపోయాయి.

డోడో కొంగ జాతా, కోడి జాతా?

పావురం జాతి. దానికి బతికున్న అతి దగ్గరి చుట్టం నికోబార్ పావురం. మన నికోబార్ దీవుల్లో ఉంది.

బతికున్న డోడో భారతదేశానికి వచ్చిందంటారు, నిజమా?

వచ్చింది. పీటర్ మండీ అనే ఇంగ్లీషు యాత్రికుడు సూరత్‌లో రెండు డోడోలను చూసినట్టు రాసుకున్నాడు. 1625 ప్రాంతంలో మొగలు దర్బారులో గీసిన డోడో బొమ్మ ఒకటి ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. జహంగీర్ కొలువులోని ఉస్తాద్ మన్సూర్ గీశాడని భావిస్తారు. యూరప్ బొమ్మల్లో డోడో ఊబకాయంతో కదల్లేనట్టు ఉంటుంది. ఈ బొమ్మలో సన్నగా, నిటారుగా, తన పని తాను చూసుకుంటున్న పక్షిలా ఉంటుంది. డోడో అసలు ఎలా ఉండేదో తేల్చడానికి శాస్త్రవేత్తలు ఈ బొమ్మకు చాలా విలువ ఇస్తారు.

టాస్మేనియాకూ మారిషస్‌కూ సంబంధం ఏంటి?

ఏబెల్ టాస్మన్ 1642 ఆగస్టులో బతావియా నుంచి రెండు ఓడలతో బయల్దేరి ముందు మారిషస్‌కే వచ్చాడు. నెల రోజులు ఆగి ఓడలు బాగుచేసుకుని, కట్టెలు, నీళ్ళు నింపుకుని అక్టోబరు 8న కదిలాడు. నవంబరు 24న టాస్మేనియా, డిసెంబరులో న్యూజిలాండ్ కనిపించాయి. దక్షిణంగా దిగి అక్కడి జోరు గాలిని పట్టుకోవడానికి మారిషస్ అనువైన చోటు.

ఇంత చేసి దీవిని ఎందుకు వదిలేశారు?

ఒకసారి కాదు, రెండుసార్లు వదిలారు. 1658లో ఒకసారి. 1664లో మళ్ళీ వచ్చి 1710లో పూర్తిగా.

చాలామంది తుఫానుల పేరు చెబుతారు. తుఫానులు వచ్చాయి, ఎలుకలు పంట తిన్నాయి, బానిసలు పారిపోయి తోటల మీద దాడి చేశారు. అన్నీ నిజమే. నాకు మాత్రం అసలు కారణం గాలి అనిపిస్తుంది. 1611లో హెండ్రిక్ బ్రౌవర్ అనే నావికుడు కొత్త దారి పట్టాడు. ఆఫ్రికా కొన దాటాక ఈశాన్యంగా మారిషస్ వైపు రాకుండా, ఇంకా దక్షిణానికి దిగి, అక్కడ ఏడాది పొడవునా వీచే పడమటి గాలులతో తూర్పుకు దూసుకెళ్ళి, తర్వాత ఉత్తరానికి తిరిగి జావా చేరాడు. ప్రయాణంలో నెలలు కలిసొచ్చాయి. కొన్నేళ్ళకే కంపెనీ తన ఓడలన్నీ ఆ దారినే వెళ్ళాలని ఆదేశించింది. 1652లో ఆఫ్రికా కొన మీద కేప్ స్థావరం పెట్టుకున్నాక నీళ్ళు, కూరగాయలు అక్కడే దొరికాయి. మారిషస్ దారికి దూరమైపోయింది. మిగిలింది నల్లచేవ. అది కూడా ఒడ్డు దగ్గరున్న చెట్లు అయిపోయాక లాభం లేదు, ఎక్కువ పంపితే యూరప్‌లో ధర పడిపోతుంది.

మనుషులు వెళ్ళిపోయారు. ఎలుకలు, కోతులు, జింకలు, చెరకు, అడవిలోని పారిపోయిన మనుషులు ఉండిపోయారు.

తర్వాత?

1715లో ఫ్రెంచివాళ్ళు జెండా పాతి, 1721 నుంచి జనాన్ని దించారు. 1735లో వచ్చిన మాహె ద లా బుర్దొనే పోర్ట్ లూయీని అసలైన రేవు పట్టణంగా మార్చాడు. ఆ కట్టడాలకు ఆఫ్రికా, మడగాస్కర్ బానిసలతో పాటు పుదుచ్చేరి నుంచి వచ్చిన దక్షిణాది మేస్త్రీలు, వడ్రంగులు పనిచేశారు. 1810 ఆగస్టులో గ్రాండ్ పోర్ట్ దగ్గర నౌకా యుద్ధంలో ఫ్రెంచివాళ్ళే గెలిచినా, డిసెంబరుకల్లా దీవి బ్రిటిష్‌వాళ్ళ చేతికి వచ్చింది. 1835లో బానిసత్వం రద్దయింది.

తెలుగువాళ్ళు ఎప్పుడు, ఎలా వెళ్ళారు?

బానిసలు లేకపోతే చెరకు నరికేదెవరు? ఆ ప్రశ్నకు తోటల యజమానులు వెతుక్కున్న జవాబే ఒప్పంద కూలీలు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మందిని తెచ్చింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లో భారతదేశం నుంచి నాలుగున్నర లక్షల మంది దాకా దిగారు. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల వాళ్ళు చాలామంది కాకినాడ పక్కనున్న కోరంగి రేవులో ఓడెక్కారు. అందుకే అక్కడ తెలుగువాళ్ళను కోరంగీలు అనేవారు. 1839 నవంబరు ఉప్పెనలో కోరంగి సర్వనాశనమైన సంగతి మన జిల్లాల్లో అందరికీ తెలుసు. ఆ తీరం వదిలి వెళ్ళిన కుటుంబాల కథలో ఉప్పెననూ, దరిద్రాన్నీ విడదీయలేం.

మారిషస్‌లో ఉగాది ఇప్పుడు ప్రభుత్వ సెలవు. బళ్ళలో తెలుగు చెబుతారు. సింహాద్రి అప్పన్న పూజలు, రామభజనలు జరుగుతాయి. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఇంట్లో మాట్లాడేది ఎక్కువగా ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి క్రియోల్ భాష, పూజలో పాడేది తెలుగు. తరాలు గడిచినా ఆ పాట నిలబెట్టుకున్నందుకు వాళ్ళకు చేతులెత్తి మొక్కాలి.

మారిషస్ వెళ్తే ఇవన్నీ చూడొచ్చా?

చూడొచ్చు, బీచ్‌ల నుంచి ఒక రోజు తీసుకుంటే చాలు. పోర్ట్ లూయీలో ఆప్రవాసి ఘాట్ ఉంది, కూలీలు ఓడ దిగి ఎక్కిన మెట్లు చూడొచ్చు. 2006 నుంచి అది ప్రపంచ వారసత్వ స్థలం. నైరుతి మూలన లె మోర్న్ కొండ, పారిపోయిన బానిసలు తలదాచుకున్న చోటు. ఆగ్నేయంలో వ్యూ గ్రాండ్ పోర్ట్‌లో ఫ్రెడరిక్ హెండ్రిక్ మ్యూజియం, అన్నా వాళ్ళు తగలబెట్టిన కోట ఉన్న నేల అదే.

అక్కడికి దగ్గర్లో మాహెబూర్గ్ ఉంది. ఎదురుగా సముద్రంలో ఇల్ ఓ ఎగ్రెట్ అనే చిన్న లంక. పడవలో కొన్ని నిమిషాల దూరం. అక్కడ ఎలుకలను పూర్తిగా తీసేసి, పరాయి మొక్కలను పీకి, పాత అడవిని మళ్ళీ పెంచుతున్నారు. నల్లచేవ మొక్కలు పైకి లేస్తున్నాయి. అంతరించిపోబోయిన గులాబీ పావురాలు తిరుగుతున్నాయి. మారిషస్ తాబేళ్ళు ఎలాగూ లేవు కాబట్టి, వాటి పని చేయడానికి అల్దాబ్రా దీవి నుంచి రాకాసి తాబేళ్ళను తెచ్చి వదిలారు. అవి నల్లచేవ పళ్ళు తిని, గింజలను పేడతో పాటు అడవంతా చల్లుతున్నాయి. ఆ గింజలు చక్కగా మొలకెత్తుతున్నాయి.